ల్యాప్‌టాప్ కీబోర్డ్ పోయిందా? స్క్రూడ్రైవర్ తీసేముందు దాని చరిత్ర వినండి

ఈ ఎపిసోడ్ ఐడియా నాకు ఒక ఫోన్ కాల్ వల్ల వచ్చింది. మా పిన్ని కూతురు బీటెక్ థర్డ్ ఇయర్. ఒక రోజు రాత్రి పదకొండున్నరకి కాల్ చేసి, "అన్నా, ల్యాప్‌టాప్ కీబోర్డ్ పోయింది, రేపే ప్రాజెక్ట్ రిపోర్ట్ సబ్‌మిషన్" అంది. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. అసలేమైంది అంటే, ఏ కీ నొక్కినా అక్షరం పడట్లేదంట. ఒక సెకను అలా నొక్కి పట్టుకుంటే మాత్రం పడుతోందంట. సాయంత్రం కాలేజీ దగ్గర ఒక షాపులో చూపిస్తే, ఆయన రెండు కీలు నొక్కి చూసి, "కీబోర్డ్ మార్చాలమ్మా, మూడు వేలవుతుంది" అన్నాడంట.

నేను ఒక్కటే అడిగాను: "కుడిపక్క షిఫ్ట్ కీ మీద ఏమైనా బరువు పెట్టావా?" కాసేపు ఆలోచించి, "అవును, ల్యాప్‌టాప్ మీద రికార్డు పుస్తకం పెట్టుకుని రాశాను" అంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యాక్సెసబిలిటీలో కీబోర్డ్ తెరిచి, ఫిల్టర్ కీస్ అని ఉంటుంది, అది ఆపెయ్ అన్నాను. ఆపింది. అంతే, కీబోర్డ్ మామూలైపోయింది. ఖర్చు సున్నా.

షాపాయన మోసగాడని నేను అనట్లేదు. ఆయనకి తెలియకపోయి ఉండొచ్చు. కానీ రోగం ఒకటి, మందు ఒకటి అయ్యేది. అయినా నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. కుడి షిఫ్ట్‌ని 8 సెకన్లు నొక్కిపడితే కీబోర్డ్ నెమ్మదించాలని ఎవరు నిర్ణయించారు? ఎందుకు? దాన్ని వెతుక్కుంటూ వెళ్తే నాకొక విషయం అర్థమైంది. మన కీబోర్డ్‌లో వచ్చే దాదాపు ప్రతి సమస్య వెనుకా, ఎప్పుడో ఎవరో తీసుకున్న ఒక నిర్ణయం ఉంది. ఆ కథ తెలిస్తే సమస్య ఎక్కడుందో మనమే పట్టుకోవచ్చు. ఎక్కడిదాకా ఇంట్లో చేయొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది కూడా తెలుస్తుంది. పదండి, మొదటి నుంచి చూద్దాం.

కళ్లకి కనిపించే తప్పు

1868లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మిల్వాకీ నగరంలో క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ అనే ఆయన, ఇద్దరు సహచరులతో కలిసి టైప్‌రైటర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. తుపాకులు తయారు చేసే రెమింగ్టన్ కంపెనీ దాన్ని 1874లో మార్కెట్లోకి తెచ్చింది. ఆ మిషన్ పెద్దక్షరాలు మాత్రమే కొట్టేది. చిన్నక్షరాలు 1878లో వచ్చిన రెమింగ్టన్ నంబర్ 2తో వచ్చాయి. ఒకే లోహపు కడ్డీ మీద పెద్దక్షరం, చిన్నక్షరం రెండూ ఉంటాయి. ఒక మీట నొక్కితే మిషన్‌లో ఒక భాగం కొంచెం జరుగుతుంది, రెండో అక్షరం కాగితం మీద పడుతుంది. అలా జరపడం కాబట్టి ఆ మీటకి షిఫ్ట్ అని పేరు. ఇప్పుడు మన ల్యాప్‌టాప్‌లో ఏదీ జరగదు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

టైప్‌రైటర్ పాడైతే ఎలా ఉండేదో మన ఊళ్లలో పెద్దవాళ్లని అడగండి. జంక్షన్‌లో టైప్ ఇన్‌స్టిట్యూట్, లోయర్, హయ్యర్ పరీక్షలు, కోర్టు బయట చెట్టు కింద టైపిస్టులు, ఇవన్నీ చూసినవాళ్లు చెప్తారు. రెండు కీలు ఒకేసారి కొడితే రెండు కడ్డీలు పైన చిక్కుకునేవి. వేలు పెట్టి విడదీస్తే అయిపోయేది. అక్షరం మసకబారితే పాత బ్రష్‌తో తోమేవాళ్లు. మీట బిగుసుకుంటే ఒక చుక్క నూనె వేసేవాళ్లు. మిషన్ మొత్తం కళ్ల ముందే ఉండేది, తప్పు కూడా కళ్లకే కనిపించేది. మన దేశంలో గోద్రెజ్ 1955లో టైప్‌రైటర్లు తయారు చేయడం మొదలుపెట్టింది. వాటిని చూసుకునే మెకానిక్కులు చిన్న టౌన్లలో కూడా ఉండేవాళ్లు.

ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. మన కథ మొత్తం, కళ్లకి కనిపించే తప్పు మెల్లగా కనపడకుండా ఎలా లోపలికి వెళ్లిపోయింది అన్నదే.

వంద కీలకి రెండు డజన్ల వైర్లు

టైప్‌రైటర్‌లో ప్రతి కీకి సొంత కడ్డీ ఉండేది. కంప్యూటర్ కీబోర్డ్‌కి వచ్చేసరికి ఒక లెక్క అడ్డొచ్చింది. వంద కీలు ఉంటే ఒక్కోదానికి ఒక్కో వైర్ లాగితే లోపల నూలు చిక్కే. అందుకే ఇంజనీర్లు మ్యాట్రిక్స్ పద్ధతి పట్టుకున్నారు. సింపుల్‌గా చెప్తాను. కొన్ని అడ్డం వైర్లు, కొన్ని నిలువు వైర్లు. అవి కలిసే ప్రతిచోటా ఒక కీ. 8 అడ్డం, 16 నిలువు వేస్తే 128 చోట్ల కలుస్తాయి. అంటే 24 వైర్లతో 128 కీలు. కీబోర్డ్ లోపల ఉండే చిన్న చిప్ ఒక్కో గీతనీ సెకనుకి ఎన్నోసార్లు తడుముతూ, ఏ జంక్షన్ మూసుకుందో చూస్తుంది. సినిమా హాల్లో సీటు వెతికినట్టే: వరుస తెలిసింది, నంబర్ తెలిసింది, సీటు దొరికింది.

ఈ లెక్కలోనే మనకి మొదటి డయాగ్నసిస్ ఉంది. ఒకే ఒక్క కీ పనిచేయకపోతే తప్పు ఆ కీ దగ్గరే ఉంది. దుమ్మో, తినేటప్పుడు పడిన మిక్చర్ ముక్కో, కింద అరిగిపోయిన పొరో అయి ఉంటుంది. అదే ఐదారు కీలు ఒకేసారి చచ్చిపోతే, ఐదారు చోట్ల ఒకే రోజు దుమ్ము పడటం జరగని పని. ఆ కీలన్నీ పంచుకునే ఒక గీత తెగింది అని అర్థం. ఇక్కడ చాలామంది పొరపడతారు. లోపలి గీతలు పైన కనిపించే కీల వరుసల్లా తిన్నగా పోవు, వంకర టింకరగా తిరుగుతాయి. కాబట్టి చచ్చిపోయిన కీలు తలో మూలా ఉన్నట్టు కనిపించినా, లోపల అవి ఒకే గీత మీదివి అయ్యుండొచ్చు. అందుకే పనిచేయని కీలన్నీ ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఆన్‌లైన్‌లో కీబోర్డ్ టెస్టర్ పేజీలు ఫ్రీగా ఉంటాయి. ఒక్కో కీ నొక్కి చూస్తే ఐదు నిమిషాల్లో లిస్ట్ రెడీ.

1981 ఆగస్టులో ఐబీఎం తన మొదటి పీసీని విడుదల చేసింది. దాని కీబోర్డ్‌లో 83 కీలు, ప్రతి కీ కింద ఒక స్ప్రింగ్. నొక్కితే స్ప్రింగ్ ఒక్కసారిగా వంగి టక్ మనేది. 1985లో మోడల్ ఎం అని ఇంకో కీబోర్డ్ తెచ్చింది. స్ప్రింగులు అలాగే ఉంచి, కింద సర్క్యూట్ మాత్రం ప్లాస్టిక్ షీట్ల మీదకి మార్చింది. పైన ఒక షీట్, కింద ఒక షీట్, రెండింటి మీదా కరెంటు పారే గీతలు, మధ్యలో చిల్లులున్న ఇంకో షీట్. కీ నొక్కితే ఆ చిల్లు దగ్గర పై షీట్, కింది షీట్ తగులుకుంటాయి. దీన్నే మెంబ్రేన్ అంటారు. తర్వాత ఖర్చు తగ్గించడానికి చాలా కంపెనీలు స్ప్రింగ్ తీసేసి రబ్బరు బుడిపె పెట్టాయి. ఈరోజు మీ ల్యాప్‌టాప్ కీల కింద ఎక్కువ శాతం ఉండేది అదే: రబ్బరు బుడిపె, దాని కింద మూడు పొరల షీట్.

టీ ఒలికితే ఎందుకంత ప్రమాదమో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ పొరల మధ్యలోకి తడి వెళ్తే దానంతటది తొందరగా బయటికి రాదు. నీళ్లయితే కొంత నయం. మన టీలో పాలు, పంచదార కూడా ఉంటాయి. తడి ఆరాక కూడా పంచదార జిగురులా పట్టుకుంటుంది, గీతలు మెల్లగా తుప్పుపట్టి తినేస్తాయి. అందుకే కొన్నిసార్లు టీ పడిన రోజు బాగానే పనిచేసి, వారం తర్వాత కీలు ఒక్కోటిగా పోతాయి.

బ్యాగులో పట్టాలి

ల్యాప్‌టాప్ వచ్చాక కీబోర్డ్ ముందు రెండు షరతులు పెట్టారు. వెడల్పు తగ్గాలి, మందం తగ్గాలి.

వెడల్పు సంగతి ముందు చూద్దాం. పెద్ద కీబోర్డ్‌లో కుడిపక్కన ఉండే అంకెల బ్లాక్‌కి ల్యాప్‌టాప్‌లో చోటు లేదు. దాంతో కంపెనీలు ఒక ఉపాయం చేశాయి. అక్షరాల కీల మీదే అంకెల్ని దాచాయి. నమ్ లాక్ వేస్తే జే, కే, ఎల్ నొక్కితే 1, 2, 3 పడతాయి. యూ, ఐ, ఓ నొక్కితే 4, 5, 6. చిన్న సైజు ల్యాప్‌టాప్‌లు వాడేవాళ్లు కొందరు "నా కీబోర్డ్‌లో సగం అక్షరాలు అంకెలైపోయాయి, వైరస్ వచ్చింది" అని కంగారు పడేది దీని వల్లే. వైరస్సూ లేదు, ఏమీ లేదు. నమ్ లాక్ పడింది, కొన్ని మోడల్స్‌లో ఎఫ్‌ఎన్ కీతో కలిపి నొక్కితే పోతుంది.

ఈ చోటు సమస్యకి చరిత్రలో అందరికంటే వింత సమాధానం చెప్పినాయన ఐబీఎంలో ఇంజనీర్ జాన్ కరిడిస్. 1995లో వచ్చిన థింక్‌ప్యాడ్ 701సీ చిన్న ల్యాప్‌టాప్. కానీ మూత తెరవగానే రెండు ముక్కలుగా ఉన్న కీబోర్డ్ జరిగి, ఒకదానితో ఒకటి కలుసుకుని, ల్యాప్‌టాప్ కంటే వెడల్పుగా రెండువైపులా బయటికి వచ్చేది. రెక్కలు విప్పినట్టు ఉండేది కాబట్టి జనం దాన్ని సీతాకోకచిలుక కీబోర్డ్ అన్నారు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలో కూడా అది ఉంది. తర్వాత స్క్రీన్లు పెద్దవయ్యాయి, మామూలు కీబోర్డే పట్టింది, ఆ రెక్కల అవసరం తీరిపోయింది. ఈ సీతాకోకచిలుక పేరు మాత్రం గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

రెండోది మందం. ప్రతి కీ కింద కత్తెరలా అడ్డదిడ్డంగా కలిసే రెండు సన్నని ప్లాస్టిక్ చేతులు పెట్టారు. దీన్ని సిజర్ మెకానిజం అంటారు. తక్కువ ఎత్తులో కూడా కీ వంకర పోకుండా తిన్నగా దిగుతుంది. చేతులు మరీ సన్నగా ఉంటాయి కాబట్టి కీని పీకేటప్పుడు విరిగేవి కూడా అవే. ఇక కీబోర్డ్ నుంచి మదర్‌బోర్డ్‌కి పలచని రిబ్బన్ కేబుల్ ఒకటి వెళ్తుంది. దాని చివర ఒక చిన్న ప్లాస్టిక్ గొళ్లెం పట్టుకుని ఉంటుంది. ఇందాక చెప్పిన కీల గుంపు మొత్తం పోయే కేసుల్లో ఈ కేబుల్ వదులైందా అన్నది ముందు చూడాలి, మరీ ముఖ్యంగా ల్యాప్‌టాప్‌ని ఈమధ్యే వేరే పనికి తెరిచి ఉంటే.

అప్పటి ల్యాప్‌టాప్‌లలో ఒక మంచి గుణం ఉండేది. పాత థింక్‌ప్యాడ్‌లనే తీసుకోండి. ల్యాప్‌టాప్ తిరగేస్తే అడుగున కొన్ని స్క్రూల పక్కన చిన్న కీబోర్డ్ బొమ్మ ఉండేది. ఆ బొమ్మ ఉన్న స్క్రూలు విప్పితే కీబోర్డ్ పైకి వచ్చేస్తుంది. రిపేర్ మాన్యువల్ కంపెనీయే అందరికీ అందుబాటులో పెట్టేది. తర్వాతి మోడల్స్‌లో ఒలికిన నీళ్లు అడుగు నుంచి కారిపోవడానికి దారులు కూడా ఇచ్చారు. అంటే తయారు చేసినవాళ్లు ముందే ఒప్పుకున్నారు: మనుషులన్నాక టీ ఒలకబోస్తారు, కీబోర్డ్ ఒకరోజు పోతుంది, ఎవరో ఒకరు మార్చాల్సి వస్తుంది. ఇది డిజైన్‌లో వినియోగదారుడికి ఇచ్చిన మర్యాద అని నా అభిప్రాయం.

ఆ 8 సెకన్ల రహస్యం

ఇప్పుడు మా చెల్లి కేసుకి వద్దాం. షోల్స్ పుట్టించిన టైప్‌రైటర్ విస్కాన్సిన్‌ది అన్నాను కదా. అదే రాష్ట్రంలో మాడిసన్ అనే నగరం ఉంది. అక్కడి యూనివర్సిటీలో ట్రేస్ సెంటర్ అనే పరిశోధన కేంద్రం ఉండేది, దాన్ని నడిపినాయన గ్రెగ్ వాండర్‌హైడెన్. వికలాంగులు కంప్యూటర్ ఎలా వాడగలరు అన్నది వాళ్ల పని. ఒక చెయ్యే ఉన్న మనిషి షిఫ్ట్ పట్టుకుని ఇంకో కీ ఎలా నొక్కాలి? చేతులు వణికే మనిషి ఒక కీ నొక్కబోతే నాలుగు పడితే ఎలా? మొదటి ప్రశ్నకి స్టిక్కీ కీస్ వచ్చింది: షిఫ్ట్ ఒకసారి తట్టి వదిలేసినా, నొక్కి పట్టుకున్నట్టే లెక్క. రెండో ప్రశ్నకి ఫిల్టర్ కీస్ వచ్చింది: పొరపాటున తగిలిన చిన్న నొక్కుళ్లని కంప్యూటర్ పట్టించుకోదు, కావాలని నొక్కిపట్టినదే తీసుకుంటుంది. ఆ కేంద్రంలో తయారైన ఈ సౌకర్యాలు విండోస్ 95లో నేరుగా భాగమయ్యాయి.

మరి మౌస్ పట్టుకోలేని, మెనూల్లో తిరగలేని మనిషి ఈ సౌకర్యాన్ని ఎలా ఆన్ చేసుకోవాలి? అందుకే షార్ట్‌కట్. కుడి షిఫ్ట్ 8 సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్, షిఫ్ట్ ఐదుసార్లు కొడితే స్టిక్కీ కీస్. గేమ్స్ ఆడేవాళ్లకి ఆ రెండో పాప్-అప్ బాగా పరిచయం. మా చెల్లి రికార్డు పుస్తకం కుడి షిఫ్ట్ మీద 8 సెకన్లు కూర్చుంది, స్క్రీన్ మీద వచ్చిన ప్రశ్నకి తను చూడకుండా ఎంటర్ కొట్టింది. చేతులు వణికే మనుషుల కోసం తీసుకున్న ఒక మంచి నిర్ణయం, తెలియని చోట మూడు వేల రూపాయల రిపేర్‌లా కనిపించింది. ఆ ఫీచర్‌ని తిట్టుకోకండి. ఎవరికో అదే ఆధారం.

సీతాకోకచిలుక మళ్లీ వచ్చింది

ఇక్కడి నుంచి కథ మారుతుంది. 2015 మార్చిలో యాపిల్ 12 అంగుళాల మ్యాక్‌బుక్ చూపించింది. మందం 13.1 మిల్లీమీటర్లు. అంత పలచన చేయడానికి సిజర్ తీసేసి బటర్‌ఫ్లై అనే కొత్త మెకానిజం పెట్టారు. ఐబీఎం సీతాకోకచిలుకకీ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు. సిజర్ కంటే 40 శాతం పలచన అని యాపిల్ చెప్పింది. కీ కిందికి దిగే దూరం సుమారు అర మిల్లీమీటరే. 2016లో మార్పులు చేసిన రెండో వెర్షన్ మ్యాక్‌బుక్ ప్రోలోకి కూడా వచ్చింది.

అంత సన్నని సందులో ఒక ధూళి రేణువు పడితే? కీ ఇరుక్కుంటుంది, లేదా అక్షరం పడదు, లేదా రెండుసార్లు పడుతుంది. ఇంట్లో ఏం చేయాలో యాపిల్ తన సపోర్ట్ పేజీలో రాసింది. ల్యాప్‌టాప్‌ని 75 డిగ్రీల కోణంలో పట్టుకుని, ఎడమ నుంచి కుడికి డబ్బా గాలి కొట్టాలి, తర్వాత పక్కకి తిప్పి మళ్లీ కొట్టాలి. లక్ష రూపాయలు దాటిన మిషన్‌ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి గాలి ఊదాలి అన్నమాట.

2017 అక్టోబర్‌లో కేసీ జాన్‌స్టన్ అనే జర్నలిస్ట్ ది అవుట్‌లైన్ అనే సైట్‌లో తన స్పేస్ బార్ గొడవ గురించి రాశారు. అది చదివి చాలామంది "మాదీ అంతే" అన్నారు. అసలు దెబ్బ ధూళి కాదు, బిగింపు. ఆ కీబోర్డ్‌ని పై ప్యానెల్‌కి రివెట్లతో బిగించారు, అదే ప్యానెల్‌కి బ్యాటరీని జిగురుతో అంటించారు. ఒక్క కీ పోతే ప్యానెల్, కీబోర్డ్, బ్యాటరీ మొత్తం కలిపి మార్చాలి. టైప్‌రైటర్‌లో వేలితో విడదీసే తప్పు, ఇక్కడ సగం ల్యాప్‌టాప్ మార్చే ఖర్చు అయింది.

2018 మే నెలలో అమెరికాలో కేసు పడింది. జూన్‌లో యాపిల్, ఈ మోడల్స్‌కి కొన్న నాటి నుంచి నాలుగేళ్ల వరకు ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించింది. జూలైలో వచ్చిన మోడల్‌లో కీల కింద పలచని సిలికాన్ పొర పెట్టారు. అయినా గొడవ ఆగలేదు. 2019 మార్చిలో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో జోఆనా స్టెర్న్ తన మ్యాక్‌బుక్‌లో సరిగా పడని ఈ, ఆర్ అక్షరాలు లేకుండానే ఒక కాలమ్ ప్రచురించారు. చదివేవాళ్లకి ఆ ఇబ్బంది నేరుగా తెలిసింది. చివరికి 2019 నవంబర్‌లో 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో యాపిల్ మళ్లీ సిజర్‌కే వచ్చింది. 2020 మే నాటికి అన్ని మ్యాక్‌బుక్‌లూ మారిపోయాయి. కేసు 2022లో 5 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌తో ముగింపుకొచ్చింది. అది అమెరికాలో ఏడు రాష్ట్రాల్లో కొన్నవాళ్లకే.

యాపిల్ ఒక్కదాన్నే అనడానికి ఇది చెప్పట్లేదు. మనం కొనే చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో కూడా కీబోర్డ్‌ని స్క్రూలతో కాకుండా, ప్లాస్టిక్ మొనల్ని వేడికి కరిగించి పై ప్యానెల్‌కి అతికించేస్తున్నారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట పనివాళ్లు ఆ మొనలు ఒక్కోటీ తీసి, కొత్త కీబోర్డ్ పెట్టి, మళ్లీ కరిగించి బిగిస్తారు. కీబోర్డ్ పార్ట్ రేటు తక్కువే ఉన్నా కూలీ ఎందుకంత అడుగుతారంటే ఇదే కారణం.

సరే, ఇప్పుడు మీ కీబోర్డ్ పోయింది. ఏం చేయాలి?

ఈ చరిత్ర మొత్తాన్ని ఒక వరుసలో పెడతాను. ఫ్రీగా అయ్యేవి ముందు, ఖర్చయ్యేవి చివర.

ఒకటి, సాఫ్ట్‌వేరా హార్డ్‌వేరా తేల్చండి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, బ్రాండ్‌ని బట్టి ఎఫ్2, డిలీట్ లేదా ఎస్కేప్ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ విండోస్ ఉండదు, ఫిల్టర్ కీస్ ఉండదు. విండోస్‌లో పనిచేయని కీ అక్కడ పనిచేస్తే కీబోర్డ్ బాగానే ఉంది, తప్పు సెట్టింగ్‌లోనో డ్రైవర్‌లోనో ఉంది. అప్పుడు ఫిల్టర్ కీస్, స్టిక్కీ కీస్, నమ్ లాక్ చూడండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో కీబోర్డ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే డ్రైవర్ మళ్లీ తనే ఎక్కుతుంది.

రెండు, పాస్‌వర్డ్‌లోని అక్షరమే పడకపోతే కంగారు పడొద్దు. లాగిన్ స్క్రీన్ మూలన యాక్సెసబిలిటీ గుర్తు ఉంటుంది, అందులో ఆన్-స్క్రీన్ కీబోర్డ్ ఉంది. ఎవరిదైనా యూఎస్‌బీ కీబోర్డ్ తగిలించినా సరిపోతుంది.

మూడు, కాగితం మీద లిస్ట్. ఒక్క కీయా, గుంపా? ఒక్క కీ అయితే ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, చార్జర్ తీసి, వాల్చి పట్టుకుని చిన్న చిన్న విడతల్లో గాలి కొట్టండి. జిగటగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొంచెం తడిపిన ఇయర్ బడ్‌తో కీ అంచుల చుట్టూ తుడవండి. హ్యాండ్ శానిటైజర్ జెల్ వద్దు, అది ఇంకా జిగురు చేస్తుంది. స్పేస్ బార్, ఎంటర్ లాంటి పెద్ద కీలు పీకకండి. కింద సన్నని లోహపు తీగ ఉంటుంది, వంగితే మళ్లీ కుదరదు.

నాలుగు, గుంపు పోతే రిబ్బన్ కేబుల్. ల్యాప్‌టాప్ తెరవడం అలవాటు ఉంటేనే చేయండి. ముందు బ్యాటరీ కనెక్టర్ తీయాలి, ప్రతి స్టెప్‌కీ ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి. అలవాటు లేకపోతే షాపుకి వెళ్లండి, కానీ "కీబోర్డ్ మార్చండి" అని అడగకండి. "ఈ ఆరు కీలు ఒకేసారి పోయాయి, కేబుల్ వదులైందేమో చూడండి" అనండి. అడిగే పద్ధతి మారితే వచ్చే జవాబు కూడా మారుతుంది.

ఐదు, ఏదైనా ఒలికితే. పవర్ బటన్ పట్టుకుని వెంటనే ఆఫ్ చేయండి, చార్జర్ పీకేయండి, సగం తెరిచి బోర్లా నిలబెట్టండి. పనిచేస్తోందా అని మధ్యలో ఆన్ చేసి చూడకండి, చాలా బోర్డులు ఆ ఆత్రంలోనే పోతాయి. హెయిర్ డ్రయర్ వద్దు. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఉపయోగం లేదు, పైగా పొడి లోపలికి వెళ్తుంది. టీ, కూల్ డ్రింక్ అయితే ఆరాక కూడా లోపల శుభ్రం చేయించాల్సిందే.

ఆరు, ఇది మాత్రం సీరియస్‌గా వినండి. కీబోర్డ్ మధ్యలో ఉబ్బినట్టు ఉన్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా అది కీబోర్డ్ సమస్య కాకపోవచ్చు. కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. దాన్ని నొక్కకండి, చార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి. ఆఫ్ చేసి నేరుగా సర్వీస్‌కి తీసుకెళ్లండి. అది అంటుకుంటే ఇల్లు అంటుకుంటుంది.

ఇక డబ్బు కుదరనివాళ్లకి ఒక చిట్కా. ఒక్క అక్షరం మాత్రమే చచ్చిపోతే మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో కీబోర్డ్ మేనేజర్‌తో మీరు వాడని క్యాప్స్ లాక్‌ని ఆ అక్షరంగా మార్చుకోవచ్చు. సెమిస్టర్ గడిచిపోతుంది.

కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న

కథ ఇంకా నడుస్తోంది. 2021లో ఫ్రేమ్‌వర్క్ అనే అమెరికన్ కంపెనీ, కీబోర్డ్‌తో సహా భాగాలన్నీ మనమే మార్చుకునే ల్యాప్‌టాప్ తెచ్చింది. పలచగానే ఉంది, స్క్రూలతోనే ఉంది. అంటే పలచన కావాలంటే బిగించి అతికించక తప్పదు అన్న మాట పూర్తి నిజం కాదని తేలింది. మన దేశంలో 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ కోసం ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న ఒక పోర్టల్ మొదలైంది. కంపెనీలు తమ రిపేర్ సమాచారం, విడిభాగాల వివరాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. మంచి మొదలే, చట్టంగా గట్టిపడితే ఇంకా మంచిది.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఒక్క ప్రశ్న. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏంటి అని అడుగుతాం కదా. దాంతోపాటు "కీబోర్డ్ విడిగా మార్చొచ్చా, లేక ప్యానెల్ మొత్తం మార్చాలా?" అని కూడా అడగండి. సేల్స్ అబ్బాయికి తెలియకపోతే ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ వెతకండి, అందులో ఉంటుంది. అమ్మానాన్న ఈఎంఐ కట్టి కొనిచ్చే మిషన్ అది, నాలుగేళ్లు రావాలి.

మా చెల్లి ఆ రాత్రి రెండింటికి రిపోర్ట్ పూర్తి చేసి పంపింది. పొద్దున్నే ఆ షాపుకి వెళ్లి ఆయనకి ఫిల్టర్ కీస్ గురించి చెప్పిందంట. ఆయన ఏమీ అనుకోకుండా, "ఏదీ, ఎక్కడుందో ఒకసారి చూపించమ్మా" అని అడిగి నేర్చుకున్నాడంట. ఇకపై ఆయన దగ్గరికి ఆ సమస్యతో వచ్చేవాళ్లకి మూడు వేలు మిగిలినట్టే. మీకూ ఇలాంటి అనుభవం ఉంటే కామెంట్‌లో రాయండి. ఏ కీలు పోయాయి, ఒక్కటా గుంపా, ఎలా బాగైంది అన్నది కూడా రాయండి, ఇంకొకరికి పనికొస్తుంది. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా టీ కప్పు ల్యాప్‌టాప్‌కి కొంచెం దూరంగా పెట్టుకోండి. ఉంటాను.